కారు నెత్తిన నేను కట్టిన సైకిల్

ఆదివారం పొద్దున, ఆరు గంటల నలభై నిమిషాలకు, మెదక్‌లో మా ఇంటి ముందు, నా రెండు చేతులతో నేనే ఒక కారును మూట కట్టాను. లోపల మనుషులున్నారు. ఉన్నారని తెలిసే కట్టాను.

ఇది జరిగి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో పెళ్లికి పోయినా ఇదే అడుగుతారు, చావుకు పోయినా ఇదే అడుగుతారు. మొన్న దవాఖానాలో కంటి డాక్టరు నా కంట్లోకి లైటు కొట్టి చూస్తూ చూస్తూ, "మీరేనా గా కారును కట్టేసిన పెద్దమనిషి?" అన్నాడు. కన్ను సంగతి మర్చిపోయాడు. చెప్పి చెప్పి నా దవడలు అరిగిపోయాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదువుకోండి, నవ్వుకోండి, నా ఇంటికి మాత్రం రాకండి.

ముందు నేనెవరో చెప్పాలి. లేకపోతే నాది ఉత్త తెలివితక్కువతనం అనుకుంటారు. తెలివితక్కువతనమే, కానీ దాని వెనక ముప్పై ఏళ్ల అనుభవం ఉంది.

నా పేరు దానియేలు. మెదక్ బస్టాండులో హమాలీ పని చేశాను. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, ఒకప్పుడు బస్సు పైన ఇనుప కటకటాల క్యారియరు ఉండేది, వెనక నిచ్చెన ఉండేది. బియ్యం బస్తాలు, మంచాలు, గంపల్లో కోళ్లు, కాళ్లు కట్టిన మేకలు, పెళ్లివారి బీరువాలు, అన్నీ నా భుజం మీద నుంచే పైకి పోయేవి. నేను కట్టిన సామాను దారిలో పడిందని ఒక్కరు కూడా వచ్చి అడగలేదు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. అప్పటిదాకా ఏ బస్సు ఏ ఊరికి పోతుందో దాని సొట్టలను బట్టి చెప్పేవాణ్ణి.

కూతురు నర్సు. అల్లుడు ప్రభాకర్ లెక్కల టీచరు. మెత్తటి మనిషి. ఎవరన్నా కాలు తొక్కితే ఆయనే సారీ చెప్పి కాలు తీసుకుంటాడు. వాళ్ల పిల్ల స్నేహ. అప్పుడు దానికి పదహారేళ్లు. సైకిల్ తొక్కడంలో మొండిది. రెండేళ్లుగా రోజూ చీకటితోనే లేచి హవేలిఘనపూర్ దాకా తొక్కి వచ్చి, అప్పుడు చాయ్ తాగేది.

జిల్లా సైకిల్ జట్టుకు పిల్లల్ని ఏరుతున్నారని కబురు వచ్చింది. కౌడిపల్లిలో బడి గ్రౌండు. ఆదివారం ఎనిమిదిన్నరకు పేర్లు పిలుస్తారు. పేరు పిలిచినప్పుడు సైకిల్‌తో గీత మీద నిలబడాలి. నిలబడకపోతే పేరు కొట్టేస్తారు, మళ్లీ ఏడాదికే. స్నేహ ఆ వారమంతా సరిగ్గా అన్నం కూడా తినలేదు.

"తొక్కుకుంట పోతే అయిపాయె గదనే," అన్నాను.

"తాతా, కౌడిపల్లి దాక తొక్కి పోతే, ఇగ పందెంల నా బదులు నువ్వు తొక్కుతవా?"

అదీ నిజమే. ప్రభాకర్ కారు కొని ఆరు నెలలే. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. సైకిల్ లోపల పట్టదు. కారు పైన బార్లు బిగించి, వాటి మీద సైకిల్ పెట్టుకుని పోతారని ఆయన ఎక్కడో చూశాడు. సామాను పైన కట్టే పని! నేను రిటైరైన ఇన్నేళ్లకు బస్టాండే నడుచుకుంటూ నా ఇంటికొచ్చినట్టయింది.

శనివారం మధ్యాహ్నం సలీం దుకాణానికి పోయాము. సలీం కార్ల సామాన్లు అమ్ముతాడు. వాళ్ల నాయన నాతోపాటు హమాలీ. అందుకే నన్ను చాచా అంటాడు.

"చాచా, మూడు రకాలున్నయి. జర ఇనుండ్రి," అన్నాడు సలీం. "ఒకటి, డిక్కీకి ఏలాడేసేది. పట్టీలతోని గుంజి కడ్తే సైకిల్ ఎనకాల నిలబడ్తది. ఎక్కిచ్చుడు దించుడు మస్తు అల్క."

"అవుతల పెట్టు," అన్నాను. "సామాను పైన ఎక్కుతది. ఎనక ఏలాడేది క్లీనరు."

"సరే. రెండోది, కారు నెత్తిమీద పట్టాలుంటే వాటికి బిగిచ్చే బార్లు. మీ అల్లుని కారుకు పట్టాల్లేవు. నున్నటి నెత్తి."

ప్రభాకర్ ఒకసారి తన తల తడుముకున్నాడు.

"అయితే మీకు మూడోదే. తలుపులు తీసి, చౌకట్ల గీ కొక్కేలు తగిలిచ్చి, గీ వంకర తాళంతోని బిగియ్యాలె. 'కట్' అని సప్పుడొచ్చేదాక తిప్పాలె. సప్పుడు రాకుంటే బిగియనట్టే లెక్క. బార్ల మీద గీ సైకిల్ క్యారియరు పెట్టుకుంటరు. చక్రాలు గీ కాలువల కూసుంటయి. గీ చెయ్యి సైకిల్ నడుమును గట్టిగ పట్టుకుంటది."

"సైకిల్‌ను పట్టుకునేటందుకు చెయ్యి కొనాల్నా? నాకు రెండున్నయి."

"చాచా, ఉత్త బార్లు తీస్కపోయి తాడుతోని కడ్తరా ఏంది?"

"మరి దేంతోని కట్టాలె? దారంతోనా?"

"మామా, క్యారియరు గూడ తీస్కుందాం," అన్నాడు ప్రభాకర్ మెల్లగా. "కారుకు గీతలు పడ్తయేమో."

"నువ్వు బోర్డు మీద గీతలు గియ్యి. పైన సామాను సంగతి నాకిడువు."

సలీం చివరి ప్రయత్నం చేశాడు. "పోనీ బార్లన్న నేను బిగిస్త చాచా. పావుగంట పని. కారు ఇట్ల పెట్టుండ్రి."

"సలీం, మీ నాయనకు ముడి ఏసుడు నేర్పింది ఎవరు?"

"మీరే చాచా."

"ఇగ నువ్వు నాకు నేర్పుతవా?"

సలీం డబ్బా కట్టి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ప్రభాకర్ వైపు ఒక చూపు చూశాడు. దవాఖానాలో రోగి చుట్టాల వైపు చూస్తారే, అట్లాంటి చూపు.

ఇంటికి వచ్చి డబ్బా విప్పాను. లోపల ఒక కాగితం ఉంది. దాని నిండా బొమ్మలే. అక్షరం ముక్క లేదు. నాకు ఒళ్లు మండింది. యాభై దాటాక రాత్రి బడికి పోయి, వేళ్లు నొప్పి పుట్టేటట్టు దిద్ది అక్షరాలు నేర్చుకున్న మనిషికి బొమ్మల కాగితం ఇస్తారా? చదువు రానివాళ్ల కోసం చేసిందిలే అనుకుని మడిచి డబ్బాలోనే పెట్టేశాను. ఆ బొమ్మలు ఒక్కసారి చూసి ఉంటే నేను ఈ రోజు ఇది రాయాల్సిన ఖర్మ ఉండేది కాదు. మీరు వేరే ఏదైనా చదువుకునేవారు.

బార్లు తగిలించాను. కొక్కేలు చౌకట్లో కూర్చున్నాయి. వంకర తాళం తిప్పాను. చేతికి గట్టిగా తగిలింది. ఆపేశాను.

పక్కన నిలబడ్డ ప్రభాకర్ అన్నాడు, "మామా, కట్ అని సప్పుడు రాలే."

"పనిమంతుడు చేస్తే సప్పుడు రాదు అల్లుడూ. సప్పుడొచ్చిందంటే ఏదో ఇరిగినట్టు."

లెక్కల టీచరు తల ఊపి పక్కకు జరిగాడు. ఆ లెక్క ఎట్లా తేలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ఆదివారం. కూతురు పొద్దున డ్యూటీకి వెళ్లిపోయింది. అది ఇంట్లో ఉంటే ఇదేమీ జరిగేది కాదు, నన్ను వాకిట్లోకే రానిచ్చేది కాదు. నా భార్య సుగుణమ్మ మాత్రం ముస్తాబై వచ్చింది. ఆ పూట చర్చి ఆరాధన తప్పిపోతున్నదని దిగులు. దారిలోనే ప్రార్థన చేసుకుంటానని బైబిలు ఒళ్లో పెట్టుకుంది. తరువాత ఆ ప్రార్థన అంతా నా గురించే అయింది.

సైకిల్‌ను తలకిందులుగా బార్ల మీద పెట్టాను. హ్యాండిల్ ముందు బారు మీద, సీటు వెనక బారు మీద. బస్సు మీద సైకిల్ ఎప్పుడూ అట్లాగే పోతుంది. హ్యాండిల్‌ను బారుకు నాలుగు చోట్ల, సీటును బారుకు నాలుగు చోట్ల సన్న తాడుతో బిగించాను. ఇంతవరకు బాగానే ఉంది. ఇంతటితో ఆగి ఉంటే బాగుండేది.

కానీ మా పనిలో ఒక పద్ధతి ఉంది. బస్సు ఖాళీగా ఉన్నప్పుడు పెద్ద తాడు బిగించకూడదు. జనం ఎక్కి కూర్చున్నాక బండి కుంగుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, అప్పుడు ముందు కట్టిన తాడు వదులవుతుంది. అందుకే అందరూ ఎక్కాక, తలుపు పడ్డాక, ఆఖరున పెద్ద తాడు. ముప్పై ఏళ్లు తప్పని పద్ధతి. ఆ పద్ధతి ఆ రోజు కూడా తప్పలేదు.

"అందరు ఎక్కి కూసోండ్రి," అన్నాను. "తలుపులు ఎయ్యుండ్రి. అద్దాలు దించుండ్రి."

ప్రభాకర్ స్టీరింగు దగ్గర, స్నేహ, సుగుణమ్మ వెనక సీట్లో. నేను జనపనార తాడు తీశాను. చిటికెన వేలంత లావు, కొత్తది, పచ్చి వాసన. కారుకు బస్సులాగా కింద కొక్కేలు లేవు కదా, తాడు ఎక్కడ పట్టించాలి? కిటికీలున్నాయి.

"స్నేహా, గీ కొస పట్టు. లోపలికెళ్లి గా పక్క కిటికీకెళ్లి నాకియ్యి."

"ఇగో తాతా."

సైకిల్ మీద నుంచి, ఈ కిటికీలోంచి లోపలికి, ఆ కిటికీలోంచి బయటికి, మళ్లీ పైకి. ముందు కిటికీలకు మూడు చుట్లు, వెనక కిటికీలకు మూడు చుట్లు. చుట్టుకొకసారి కారు చుట్టూ తిరిగాను. కాలు తలుపుకు ఆనించి గుంజాను. కారు మూలిగింది. స్నేహ ఉత్సాహంగా కొసలు అందించింది, అల్లుడు చూస్తూ కూర్చున్నాడు, సుగుణమ్మ తాడు తగలకుండా తల వంచింది. నలుగురం ఉన్నాము, చదువుకున్నవాళ్లు ఇద్దరు. ఒక్కరికీ తట్టలేదు.

ఆఖరు ముడి కారు నడి నెత్తి మీద వేశాను. బస్సు ముడి. బండి ఎంత కుదిపితే అంత బిగిసే ముడి. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. అంత అందంగా కట్టిన సామాను నేను నా జన్మలో చూడలేదు.

"మస్తయింది మామా. ఎక్కుండ్రి," అన్నాడు ప్రభాకర్.

నేను ముందు తలుపు పట్టుకుని గుంజాను. రాలేదు.

"లాక్ తియ్యి."

"తీసే ఉంది మామా."

మళ్లీ గుంజాను. కారు నా వైపు ఒరిగింది గానీ తలుపు రాలేదు. వెనక తలుపు గుంజాను. అవతలికి పోయి ఆ రెండూ గుంజాను. లోపలి నుంచి ప్రభాకర్ భుజంతో తోశాడు. మొదట అర్థమైంది సుగుణమ్మకు.

"ఏందయ్యా," అన్నది, "మమ్ముల కట్టేసినవా?"

"నిన్నెందుకు కడ్త? సైకిల్‌ను కట్టిన."

"అయితే నన్ను దిగనియ్యి, సూస్త."

దిగనివ్వలేకపోయాను.

"తాతా, టైము ఏడున్నర కావస్తున్నది," అన్నది స్నేహ. విప్పి మళ్లీ కట్టడానికి ఇంకో ముప్పావుగంట. అంత సమయం లేదు. వాళ్లు లోపలే ఉన్నారు కదా, ఇక ఎక్కాల్సింది నేనొక్కణ్ణే. కిటికీలోంచి ఎక్కుదామని నిర్ణయించుకున్నాను. నన్ను ఇంటి దగ్గరే వదిలేసి పోవచ్చని ఎవరికైనా తోచాలి కదా? ప్రభాకర్‌కు తోచిందట. భయపడి చెప్పలేదట.

తల ముందు పెట్టి దూరాను. తల పోయింది, భుజాలు పోయాయి, పొట్ట దగ్గర ఆగిపోయింది. తల గేరు కర్ర పక్కన, కాళ్లు రోడ్డు వైపు. అప్పుడే ఎదురింటి రాజమణి టీచరమ్మ తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం పట్టుకుని చర్చికి బయలుదేరింది. ఆమె రిటైరై పదేళ్లయింది. గొంతు మాత్రం ఇంకా బడిలోనే ఉంది.

"ఎవరయ్యా అది? దొంగనా?"

"నేనే అమ్మా, దానియేలును," అన్నాను గేరు కర్రతో.

"ఏం కష్టమొచ్చింది? ప్రార్థన చెయ్యాల్నా?"

"ప్రార్థన తర్వాత. జర తొయ్యుండ్రి."

ఆమె పాటల పుస్తకం చంకలో పెట్టుకుని, రెండు చేతులతో నా అరికాళ్లు పట్టుకుని, పిల్లల్ని బడిలోకి తోసినట్టు ఒక్క తోపు తోసింది. నేను పోయి అల్లుడి ఒళ్లో పడ్డాను. హారన్ మోగింది. వీధి మొత్తం బయటికి వచ్చి చూసే లోపల ప్రభాకర్ కారు కదిలించాడు. ఆ మనిషి అంత వేగంగా కారు నడపడం నేను అప్పుడే చూశాను.

నేను సరిగ్గా కూర్చునే సరికి ఊరు దాటాము. అప్పుడు తాడు పాట మొదలుపెట్టింది. గాలికి బిగిసిన తాడు గుయ్యిమంటుంది. వేగం పెరిగితే పై స్వరం, తగ్గితే కింది స్వరం. నలుగురం ఒక పెద్ద తుమ్మెద కడుపులో కూర్చున్నట్టుంది. మాట్లాడాలంటే అరవాలి.

స్నేహ చేతులు ఊరికే ఉండక, సీటు కింద ఉన్న బార్ల డబ్బాలోని కాగితం తీసి చూస్తోంది.

"తాతా! ఇందుల ఒక బొమ్మ ఉంది!"

"ఏం బొమ్మ?"

"కారు బొమ్మ! కిటికీలకెళ్లి తాడు! మీద ఎర్రగ ఇంత పెద్ద అడ్డగీతలు కొట్టిండ్రు!"

"మనం కట్టేసినంక చూపిస్తవేందే!"

"నువ్వే గద చదువు రానోళ్లకని డబ్బల పెట్టినవు!"

తుమ్మెద గుయ్యిమంది. నేను కిటికీ బయటికి చూశాను.

సగం దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. కాపరి పెద్దాయన గొంగడి కప్పుకుని కర్రతో గొర్రెలను తోలుతూ మా కారు దగ్గరికి వచ్చి ఆగాడు. పైన తలకిందుల సైకిల్‌ను చూశాడు. కిటికీల్లోంచి పోతున్న తాళ్లను చూశాడు. వాటి వెనక మా నలుగురి ముఖాలను చూశాడు.

"ఏడికి తోల్కపోతున్నరు బిడ్డా వీళ్లను?" అని ప్రభాకర్‌ను డ్రైవరనుకుని అడిగాడు. "ఏం తప్పు చేసిండ్రు?"

"ఏం తప్పు చెయ్యలే పెద్దాయనా," అన్నది వెనక నుంచి సుగుణమ్మ. "తప్పు చేసినోడు ముంగట కూసున్నడు."

గొర్రెలు పోయేసరికి వాన మొదలైంది. సన్నపు జల్లు కాదు, బిందెలతో గుమ్మరించినట్టు. అద్దాలు ఎక్కించబోతే తాడు అడ్డం. నాలుగు కిటికీల్లోంచి నాలుగు వానలు లోపలికి వచ్చాయి. ప్రభాకర్ కళ్లజోడు తడిసి ముందు రోడ్డు కనిపించకపోతే, వెనక నుంచి వంగి కొంగుతో ఆ అద్దాలు తుడవమని స్నేహ అమ్మమ్మను తొందరపెట్టింది. సుగుణమ్మ ఒక చేత్తో తుడుస్తూ ఇంకో చేత్తో బైబిలును కడుపులో దాచుకుని గట్టిగా ప్రార్థన చేసింది.

"ప్రభువా, గీయనకు ముప్పై ఏండ్లు భుజబలమిచ్చినవు. జర బుద్ధి గూడ ఇచ్చేది ఉండె. ఇంకా ఆలస్యం కాలే ప్రభువా."

తడిసిన జనపనార కిర్రుమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. నేను ఆ చప్పుడు గుర్తుపట్టాను. గర్వం ఆగలేదు.

"విన్నరా? తడిస్తే ఇంకా బిగుస్తది. నాణ్యమైన తాడు!"

ఎవరూ మెచ్చుకోలేదు.

కౌడిపల్లి బడి గ్రౌండు చేరేసరికి వాన వెలిసింది. సమయం ఎనిమిది ఇరవై రెండు. అప్పటికే పిల్లలంతా సైకిళ్లతో గీత దగ్గర ఉన్నారు. స్నేహ తాడు కింద నుంచి ఉడుతలా జారి కిటికీలోంచి బయటికి దూకింది. పైకి చూసింది. సైకిల్ పైనే ఉంది.

"తాతా, ముడి విప్పు."

ముడి కారు నడి నెత్తి మీద ఉంది. నేను లోపల ఉన్నాను. నేను కిటికీలోంచి పైకి లేచి, చెయ్యి చాపి, ముడి అందుకుందామని బయటికి దూరాను. తల వచ్చింది, భుజాలు వచ్చాయి. పొట్ట దగ్గర ఆగిపోయింది. పొద్దున తోయడానికి టీచరమ్మ ఉంది. ఇప్పుడు చొక్కా తడిసి అతుక్కుపోయింది, పైన తాడు బిగిసి వీపును నొక్కుతోంది. ముందుకూ రాను, వెనక్కీ పోను. చెయ్యి చాపితే ముడికి ఇంకా రెండు జానల దూరం.

స్నేహ వెనక చక్రం మీద కాలు పెట్టి పైకి పాకి ముడి పట్టుకుని గుంజింది. దాని గోళ్లు వంగాయి. నానిన ముడి రాయిలా ఉంది.

అవతల నుంచి విజిల్ వినిపించింది. పీఈటీ సారు ఒకాయన, పేరు విఠల్ అని తరువాత తెలిసింది, అట్ట పట్టుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

"తాతా, పిలుస్తున్నరు."

"ఆగు, జర గోరువెచ్చని నీళ్లు పోస్తే వదులయితది..."

"నీళ్లు యాడికెళ్లి తెస్త తాతా! కోసేద్దాం."

కోసేద్దాం. ఆ మాట వినగానే నాకు బస్టాండు కనిపించింది. ముప్పై ఏళ్లలో నా ముడిని ఎవరూ కోయలేదు. విప్పారు, మెచ్చుకున్నారు, నేర్చుకున్నారు. కోయలేదు. "నా ముడిని కోసుడు లేదు," అన్నాను, సగం కిటికీ బయట వేలాడుతూ, రాజుగారిలాగా.

పేర్లు వినిపిస్తున్నాయి. ఒకటి. రెండు. స్నేహ నా వైపు చూసింది. ఏడవలేదు. వారం రోజులు అన్నం తినని ముఖం అది. రెండేళ్ల చీకటి పొద్దులు అందులో ఉన్నాయి. ముడి ఎవరిదైతే ఎవరికి కావాలి?

"కొయ్యి బిడ్డా," అన్నాను. "తొందరగ కొయ్యి."

కానీ దేంతో? నలుగురిలో ఎవరి దగ్గరా చాకు లేదు. గేటు దగ్గర మక్క కంకులు కాల్చి అమ్ముకునే ఎల్లవ్వ కూర్చుని ఉంది. స్నేహ పరుగెత్తింది. ఆమె కొడవలితో సహా లేచి వచ్చింది. కారు చుట్టూ తిరిగి చూసింది.

"ఎవరు బిడ్డా గిట్ల కట్టింది?"

"మా తాత."

"పాణంతోనే ఉన్నడా?"

"ఇగో, ఉన్న," అన్నాను.

ఆమె కొడవలి వేసి గుంజింది. నాలుగు గుంజుళ్లకు పెద్ద తాడు తెగింది. కారు నిట్టూర్చింది. స్నేహ, ఎల్లవ్వ ఇద్దరూ సైకిల్‌ను పట్టుకుని పైకి ఎత్తారు. సైకిల్ వచ్చింది. సైకిల్‌తో పాటు రెండు బార్లూ వచ్చాయి.

చప్పుడు రాని బార్లు. ఇంతసేపూ వాటిని పట్టుకున్నది తాడేనన్నమాట.

హ్యాండిల్ మీద అడ్డంగా ఒక బారు, సీటు మీద అడ్డంగా ఒక బారు, ఎనిమిది చోట్ల సన్న తాడు, అన్నీ నానినవే. స్నేహ దాన్ని అట్లాగే తోసుకుంటూ గీత వైపు పరుగెత్తింది. రెండు వైపులా పిల్లలు తల వంచి దారి ఇచ్చారు. ఎల్లవ్వ కొడవలి పట్టుకుని దాని వెనక. అప్పుడే విఠల్ సారు "స్నేహ, మెదక్" అన్నాడు.

"వచ్చిన సార్!"

సారు తల ఎత్తి చూశాడు. విజిల్ నోట్లోంచి జారింది.

"ఏంది బిడ్డా గిది? తొక్కుతవా, ఎగుర్తవా?"

"తొక్కుత సార్. గివి మా తాత కట్టిండు."

"నీ నంబరేది?"

నంబరు గుడ్డ కారులో ఉండిపోయింది. నా సీటు ముందున్న చిన్న అరలో. తాడు తెగగానే తలుపు తీసుకుని అప్పటికే బయటపడ్డ ప్రభాకర్ ఆ మాట విన్నాడు. పరుగెత్తుకుంటూ నా వైపు వచ్చాడు. తడిసిన కళ్లజోడు, ఏమీ కనిపించదు. నా తలుపు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

తలుపు తెరుచుకుంది. తలుపుతో పాటు నేనూ తెరుచుకున్నాను.

చదివేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, తలుపు కిటికీలో ఒక అరవై మూడేళ్ల మనిషి ఇరుక్కుని ఉండగా ఆ తలుపు పూర్తిగా తీస్తే ఎట్లా ఉంటుందో మనసులో చూసుకోవాలని కోరుతున్నాను. గోడకు కొట్టిన క్యాలెండరు గాలికి లేచినట్టు ఊగి, కాలివేళ్లు సీటు నుంచి జారి, బురదలో నిలిచాను. అల్లుడు అరలోంచి నంబరు గుడ్డ తీసుకుని, "సారీ మామా" అని, తలుపు వేయకుండానే వెళ్లిపోయాడు. సుగుణమ్మ కూడా దిగి, నా ముందు నుంచే నడిచిపోయింది. చూడలేదు.

నేను ఆ తలుపులోంచే పందెం చూశాను. మంచి చోటు, ఎవరూ అడ్డం రాలేదు. విజిల్ పడింది. అందరూ కదిలారు. స్నేహ కదలలేదు. ఎల్లవ్వ ఇంకా కోస్తూనే ఉంది. ఐదు... ఆరు... నేను అంత గట్టిగా ఎందుకు కట్టానో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు. ఏడు. ఎనిమిది. బార్లు రెండూ నేల మీద పడ్డాయి. అందరూ గేటు దాటాక స్నేహ బయలుదేరింది.

కౌడిపల్లి చుట్టూ నాలుగు రౌండ్లు. మొదటి రౌండులో అది చివర. రెండో రౌండులోనూ చివరే. నేను తలుపును రెండు చేతులతో పట్టుకుని ఊగాను. ఎల్లవ్వ తిరిగి వచ్చి నా చేతిలో ఒక కంకి పెట్టింది.

"తినుండ్రి. మీకేం తొందరున్నది?"

మూడో రౌండులో అది ఒక్కొక్కరినే దాటడం మొదలుపెట్టింది. ఐదుగురిని ఏరుకుంటారు. ఆఖరి రౌండు అయిపోయేసరికి స్నేహ ఐదోది. ఆరో పిల్లకూ దానికీ మధ్య ఒక చక్రం తేడా. నేను అరిచిన అరుపుకు నోట్లోని మక్క గింజలు ప్రభాకర్ కొత్త కారు మీద పడ్డాయి.

కొంతసేపటికి స్నేహ కాగితం పట్టుకుని వచ్చింది, వెనక విఠల్ సారు. ఇంటి పెద్దవాళ్లు ఎవరైనా సంతకం పెట్టాలట.

"మీ నాయన ఉండగ నేనెందుకే?"

"నాయనకు అద్దాలు తడిసి అక్షరాలు కనవడ్తలేవు. అమ్మమ్మ ఏమో కట్టినోన్నే సంతకం గూడ పెట్టమంటున్నది. నువ్వే ఉన్నవు తాతా. యాడికి పోవు గద."

విఠల్ సారు అట్ట ఎత్తి పట్టుకున్నాడు. నేను తలుపులోంచి చెయ్యి చాపి, పేరు పూర్తిగా రాశాను. ఒక్క గుడీ కొమ్మూ వదలలేదు. వరస మాత్రం కొంచెం పైకి పోయింది. తరువాత సారు విజిల్ ఊది "ఒకటి, రెండు" అంటుంటే, అల్లుడు కాళ్లు, సారు భుజాలు పట్టుకుని నన్ను బయటికి లాగారు. చొక్కా గుండీలు రెండు తలుపులోనే ఉండిపోయాయి. అవి ఇప్పటికీ మలుపు తిరిగినప్పుడల్లా గలగలమంటాయని ప్రభాకర్ అంటాడు.

అందువల్ల అందరికీ తెలియజేయడమేమంటే: దానియేలు అనే నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. మనుషులు కూర్చున్న బండికి ఇకమీదట తాడు కట్టను. కట్టాల్సి వస్తే ముందు నేను ఎక్కి కూర్చుని, ఇంకొకరితో కట్టిస్తాను. సైకిల్ మోసే సామాను ఏది కొన్నా, అది ఎంత నామోషీ అయినా సరే, బొమ్మలు చూస్తాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లే. ఇంకెవరైనా "నేను కళ్లారా చూసిన" అంటే నమ్మకండి. మెదక్‌లో తోసిన రాజమణి టీచరమ్మ. దారిలో గొర్రెల కాపరి, పేరు అడగలేదు. కౌడిపల్లిలో విఠల్ సారు, కొడవలి ఎల్లవ్వ, గీత మీద నిలబడ్డ పిల్లలు. మా ఇంటి నుంచి అల్లుడు ప్రభాకర్, ఇప్పటికీ కారెక్కే ముందు తలుపు తీసి చూసుకునే సుగుణమ్మ, ఐదో స్థానంలో వచ్చిన స్నేహ. వీళ్లంతా పూర్తిగా ఉన్నారు. హమాలీ దానియేలు, నడుము దాకా.